అనకొండ ఫైలూ, మా సర్వర్ రూమూ

మా టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లలు ఒక కమాండ్ కొట్టి, టీ తాగి వచ్చేసరికి ఇరవై సర్వర్లు లేచి ఉంటాయి. యూజర్లు, ఫైర్‌వాల్ రూల్స్, బ్యాకప్, మానిటరింగ్ అన్నీ పెట్టుకునే లేస్తాయి. చూసినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది. ఇక్కడిదాకా ఎలా వచ్చామో ఎవరైనా రాసిపెడితే బాగుండు అని కూడా అనిపిస్తుంది. నా కళ్ళముందు జరిగినంతవరకు నేను రాస్తున్నాను.

2003లో కృష్ణా జిల్లాలో ఓ ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో ప్రోగ్రామర్‌గా చేరాను. పేరుకే ప్రోగ్రామర్. పనంతా సిస్టమ్‌లు బాగుచేయడం, ఫార్మాట్ కొట్టడం, ఓఎస్ వేయడం. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్తే ఏసీ చల్లదనం, యూపీఎస్ బ్యాటరీల వాసన, వరసగా అరవై దాకా సీఆర్‌టీ మానిటర్లు. జేఎన్‌టీయూ ల్యాబ్ ఎక్స్‌టర్నల్స్ దగ్గరపడ్డాయంటే మాకు నిద్ర ఉండేది కాదు. ప్రతి సిస్టమ్‌లోనూ టర్బో సీ, జావా, ఒరాకిల్ పనిచేయాలి. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ ముందు సిస్టమ్ మొరాయిస్తే, ఏ తప్పూ చేయని పిల్లాడు చెమటలు కక్కుతూ నిలబడేవాడు. అది చూడలేకపోయేవాళ్ళం.

విండోస్ ఎక్స్‌పీ వేయడం పెద్ద కష్టమేమీ కాదు. కాకపోతే అది మధ్యమధ్యలో ఆగి ప్రశ్నలు అడిగేది. లైసెన్స్‌కి ఎఫ్8 నొక్కాలి. పార్టిషన్ ఎంచుకోవాలి. కాసేపు ఫైళ్ళు కాపీ చేసుకుని, రీస్టార్ట్ అయి, పేరేమిటి అనేది. ఆ తర్వాత 25 అక్షరాల కీ, టైమ్‌జోన్, నెట్‌వర్క్ సెట్టింగ్. జవాబు చెప్పేవాళ్ళు లేకపోతే తెల్లారేదాకా అక్కడే ఆగి ఉండేది. అందుకని చక్రాల కుర్చీలో కూర్చుని ఐదారు సిస్టమ్‌ల మధ్య అటూ ఇటూ జరుగుతూ రాత్రంతా జవాబులు కొట్టేవాళ్ళం.

ఆ ఏడాదే మా ల్యాబ్ ఇన్‌చార్జ్ సార్ ఒక సంగతి చూపించారు. ఎక్స్‌పీ సీడీలోనే, సపోర్ట్ అనే ఫోల్డర్ లోపల, డిప్లాయ్ డాట్ క్యాబ్ అని ఒక ఫైల్ ఉండేది. దాన్ని విప్పితే సెటప్ మేనేజర్ అనే చిన్న ప్రోగ్రామ్ వచ్చేది. అది మనల్ని ఆ ప్రశ్నలన్నీ ఒక్కసారి అడిగి, జవాబులను ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసిపెట్టేది. ఆ ఫైల్‌కు విన్‌ఎన్‌టీ డాట్ సిఫ్ అని పేరు పెట్టి ఫ్లాపీలో వేసి, సీడీతో బూట్ చేసేటప్పుడు ఫ్లాపీ కూడా లోపల ఉంచితే చాలు, సెటప్ ఏమీ అడగకుండా చివరిదాకా వెళ్ళిపోయేది. మొదటిసారి చూసినప్పుడు సార్, నేను, ఇంకో కుర్రాడు కీబోర్డ్ మీద చెయ్యి వేయకుండా మానిటర్ ముందు నిలబడిపోయాం. డెస్క్‌టాప్ వచ్చేదాకా ఎవరూ కదల్లేదు. "మనం చెప్పాల్సిన జవాబులన్నీ ముందే రాసిచ్చేశామయ్యా, అంతే" అన్నారు సార్. ఇన్నేళ్ళలో నేను నేర్చుకున్నవన్నీ ఆ మాటకు కొనసాగింపే.

అదే 2003 ఆగస్టులో, నెట్‌వర్క్ మీద ఒకదాన్నుంచి ఇంకోదానికి తనంతట తానే పాకే బ్లాస్టర్ వార్మ్ వచ్చింది. 60 సెకన్లలో సిస్టమ్ షట్‌డౌన్ అవుతుందని ఒక పెట్టె తెర మీదకు వచ్చి, అంకెలు తగ్గుతూ పోయేవి. రన్‌లో షట్‌డౌన్ మైనస్ ఏ కొడితే ఆగుతుందని విద్యార్థులు కూడా నేర్చేసుకున్నారు. దాన్ని ఆపే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ జూలైలోనే ఇచ్చింది, కానీ మా దగ్గర ఒక్కో సిస్టమ్‌కీ వెళ్ళి వేయాలి. అన్నిటికంటే బాధ ఏమిటంటే, కొత్తగా ఓఎస్ వేసిన సిస్టమ్‌ను నెట్‌వర్క్‌కి తగిలిస్తే ప్యాచ్ వేసేలోపే అది పట్టుకునేది. కేబుల్ పీకు, ఓఎస్ వెయ్యి, సీడీలోంచి ప్యాచ్ వెయ్యి, అప్పుడు కేబుల్ పెట్టు. ఈ వరస తప్పకూడదు. వరస తెలిసినవాళ్ళు ల్యాబ్‌లో ముగ్గురే.

తర్వాత ఘోస్ట్ వాడాం. న్యూజీలాండ్‌లో పుట్టిన ఆ సాఫ్ట్‌వేర్‌ను 1998లో సిమాంటెక్ కొనుక్కుంది. ఒక సిస్టమ్‌ను అన్నీ వేసి చక్కగా తయారుచేసి, దాని డిస్క్ మొత్తాన్ని ఇమేజ్‌గా తీసి, మిగతావాటిలోకి దింపడమే దాని పని. ఒకే మోడల్ సిస్టమ్‌లు ఉన్న వరసలో అద్భుతంగా పనిచేసేది. మదర్‌బోర్డ్ వేరైతే మాత్రం బ్లూ స్క్రీనే. పైగా అన్నిటికీ అదే పేరు, అదే ఐపీ వచ్చేవి. నెట్‌వర్క్‌లో ఈ పేరుతో ఇంకో కంప్యూటర్ ఉందని ఒక్కొక్కటీ మొత్తుకునేది. ఇమేజ్ తీశాక ఒక్క సాఫ్ట్‌వేర్ మారినా మళ్ళీ కొత్త ఇమేజ్ తీయాలి. లోపల ఏముందో ఇమేజ్‌ని చూసి చెప్పలేం, దింపి చూడాల్సిందే. నాలుగైదు ఇమేజ్‌లు పోగయ్యాక ఏది దేనికోసం తీశామో గుర్తుపెట్టుకోవడమే పెద్ద పని అయింది. ఇమేజ్ కంటే ఆ ఫ్లాపీలోని చిన్న టెక్స్ట్ ఫైలే నాకు ఎప్పుడూ ఎక్కువ నచ్చింది. దాన్ని చదవొచ్చు.

2005లో ఉద్యోగం మానేసి హైదరాబాద్ వచ్చాను. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల అప్పుడు గోడలన్నీ కోర్సుల పోస్టర్లే. రెడ్ హ్యాట్ కంపెనీ లినక్స్ సర్టిఫికెట్ అయిన ఆర్‌హెచ్‌సీఈ కోర్సులో చేరాను. లినక్స్ నేర్పిన సార్ ఇన్‌స్టలేషన్ క్లాసు అయిపోయాక ఒక ప్రశ్న వేశారు. "అందరూ ఇన్‌స్టాల్ చేశారు కదా. రూట్ యూజర్ ఫోల్డర్‌లో ఏముందో ఎవరైనా చూశారా?" ఎవరూ చూడలేదు. రూట్ అంటే లినక్స్‌లో అన్ని హక్కులూ ఉన్న యూజర్. ఫైళ్ళ పేర్లు చూపించే ఎల్‌ఎస్ కమాండ్ కొట్టాం. అనకొండ-కేఎస్ డాట్ సీఎఫ్‌జీ అని ఒక ఫైల్ ఉంది.

రెడ్ హ్యాట్ ఇన్‌స్టాలర్ పేరు అనకొండ. ఇన్‌స్టలేషన్‌లో మనం ఏ జవాబులు ఇచ్చామో అవన్నీ అది ఆ ఫైల్‌లో రాసి వెళ్ళిపోతుంది. భాష, కీబోర్డ్, ఆసియా స్లాష్ కలకత్తా అని టైమ్‌జోన్, గుర్తుపట్టలేని రూపంలో రూట్ పాస్‌వర్డ్, ఏ ప్యాకేజీలు ఎంచుకున్నామో వాటి పట్టిక. డిస్క్ పార్టిషన్ల లైన్ల ముందు మాత్రం అప్పట్లో హ్యాష్ గుర్తు పెట్టి, అవి పనిచేయకుండా ఉంచేది. తెలియక వాడినవాళ్ళ డేటా తుడిచిపెట్టుకుపోకుండా అదొక జాగ్రత్త. ఆ హ్యాష్‌లు తీసి, ఆ ఫైల్‌నే కొత్త మెషీన్‌కి ఇస్తే, ఏమీ అడగకుండా ఇలాంటిదే ఇంకోటి తయారయ్యేది. దీన్ని కిక్‌స్టార్ట్ అంటారు. విన్‌ఎన్‌టీ డాట్ సిఫ్‌ని మనం రాయాలి. ఇక్కడైతే చేసిన ప్రతి ఇన్‌స్టలేషన్ తన గురించి తనే రాసిపెట్టుకుంటుంది. నాకైతే ఆ రోజంతా ఆ ఫైల్ మీదే ధ్యాస. ప్రింట్ తీసుకుని రూమ్‌కి తీసుకెళ్ళి లైన్ లైన్ చదివాను.

తర్వాతి వారం పీఎక్స్‌ఈ బూట్, అంటే నెట్‌వర్క్ మీదుగానే సిస్టమ్‌ను లేపడం, చూపించారు. సీడీ లేదు, ఫ్లాపీ లేదు. ఎఫ్12 నొక్కగానే నెట్‌వర్క్ కార్డ్ "నాకు ఐపీ ఎవరిస్తారు?" అని కేక వేస్తుంది. డీహెచ్‌సీపీ సర్వర్ ఐపీ ఇస్తూ, ఫలానా సర్వర్‌లో ఫలానా ఫైల్ ఉంది, వెళ్ళి తెచ్చుకో అంటుంది. టీఎఫ్‌టీపీ అనే, ఫైళ్ళు పంపే పద్ధతి ద్వారా పీఎక్స్‌ఈలినక్స్ అనే చిన్న ఫైల్ వస్తుంది. అది తన మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డ్ సొంత నంబర్) లాంటి పేర్లతో ఏదైనా కాన్ఫిగ్ ఉందా అని వెతుకుతుంది, ఏదీ లేకపోతే డిఫాల్ట్ తీసుకుంటుంది. అందులో చెప్పిన కెర్నల్, అంటే లినక్స్ గుండెకాయ, వస్తుంది, దాని వెనక అనకొండ వస్తుంది, అనకొండ కిక్‌స్టార్ట్ ఫైల్‌ను వెబ్ సర్వర్ నుంచి తెచ్చుకుని చదువుకుంటుంది. డిస్క్‌లో ఏమీ లేని డబ్బా, అవతల ఉన్నవాళ్ళను ఒక్కొక్కటీ అడిగి తెలుసుకుంటూ సర్వర్ అవుతుంది. మొదట లాగ్‌లో ఈ వరసంతా కదులుతుంటే చూశాను. ఇప్పటికీ ఎవరికైనా పీఎక్స్‌ఈ నేర్పేటప్పుడు ముందు లాగ్ తెరిచి పెట్టమంటాను. ఇక్కడ డిఫాల్ట్ ఎప్పుడూ లోకల్ డిస్క్ బూటే ఉండాలని సార్ గట్టిగా చెప్పేవారు. ఇన్‌స్టాల్ డిఫాల్ట్‌గా పెడితే, కరెంటు పోయి వచ్చిన రోజున నడుస్తున్న సర్వర్ తనంతట తానే తుడుచుకుని మళ్ళీ మొదలెడుతుంది.

కోర్సు అయ్యాక మాదాపూర్‌లో ఓ కంపెనీలో సర్వర్ టీమ్‌లో ఉద్యోగం వచ్చింది. అక్కడ మా సీనియర్‌ను అందరం అన్నా అనే పిలిచేవాళ్ళం. శ్రీకాకుళం వైపు మనిషి, మెల్లగా మాట్లాడేవాడు. ఆయన దగ్గర పొడవాటి రిజిస్టర్ ఒకటి ఉండేది. ఒక్కో సర్వర్‌కి ఒక్కో పేజీ. పైన పేరు, ఐపీ, ర్యామ్. కింద తేదీలతో సహా ఏ ఫైల్‌లో ఏ లైన్ మార్చారో నీలం ఇంకుతో, ఎందుకు మార్చారో ఎర్ర ఇంకుతో. సర్వర్లకు నదుల పేర్లు పెట్టారు. గోదావరి డేటాబేస్, కృష్ణ మెయిల్, పెన్న బ్యాకప్, తుంగభద్ర, మూసీ అప్లికేషన్‌వి. రాత్రి షిఫ్ట్‌లో ఫోన్ వచ్చి "మూసీ నెమ్మదిగా ఉంది" అంటే, ఏ ర్యాక్‌లో ఎన్నో వరసలో ఉందో, దాని ఫ్యాన్ ఎలా శబ్దం చేస్తుందో కూడా మాకు తెలిసేది. ఆ దగ్గరితనం నిజం. ఇప్పటి సర్వర్లతో నాకు అది లేదు, లేదన్న వెలితి ఉంది.

కానీ ఆ దగ్గరితనానికి ఒక ఖరీదు ఉండేది. కిక్‌స్టార్ట్ సర్వర్‌ను పుట్టించి వదిలేస్తుంది. ఆ తర్వాత మూడేళ్ళు అది ఎలా బతికింది అనేది దానికి తెలియదు. పుట్టినప్పుడు తుంగభద్ర, మూసీ రెండూ ఒకటే. ఏడాది తిరిగేసరికి ఒకదాంట్లో ఎవరో అర్ధరాత్రి ఒక సెట్టింగ్ మార్చారు, ఇంకోదాంట్లో ప్యాకేజీ వెర్షన్ వేరు. అన్న సెలవులో ఉంటే రిజిస్టర్ తాళం వేసిన డ్రాయర్‌లో ఉండేది. ఆయన పెళ్ళి సమయంలో మెయిల్ ఆగితే, పెళ్ళిపందిట్లో ఉన్న మనిషికి ఫోన్ చేసి అడగాల్సి వచ్చింది. పాపం, విసుక్కోకుండా చెప్పాడు.

పెద్ద పనులకు మా దగ్గర ఉన్న ఆయుధం ఒక్కటే, ఫర్ లూప్. ఒక టెక్స్ట్ ఫైల్‌లో సర్వర్ల పేర్లు, ఒక్కోదానికీ ఎస్‌ఎస్‌హెచ్ చేసి, అంటే మన చోటి నుంచే లోపలికి వెళ్ళి, కమాండ్ నడిపే రెండు లైన్లు. 2012 జూలై 1, ఆదివారం తెల్లవారుజామున 5.30కి దాని బలం, బలహీనత రెండూ ఒకేసారి తెలిశాయి. ఆ క్షణాన ప్రపంచమంతా గడియారాలకు, భూమి తిరుగుడుతో సరిపెట్టడానికి, లీప్ సెకండ్ అని ఒక అదనపు సెకండ్ కలిపారు. లినక్స్ కెర్నల్‌లో ఉన్న లోపం వల్ల కెర్నల్ లోపలి టైమర్లకు ఆ సెకండ్ కలిసిన సంగతి తెలియలేదు. కాసేపు ఆగి లేవాల్సిన ప్రోగ్రామ్‌లు ఆగకుండా లేస్తూనే ఉన్నాయి. జావా నడిచే సర్వర్లన్నీ సీపీయూ 100 శాతానికి వెళ్ళిపోయాయి. జావాను రీస్టార్ట్ చేసినా లాభం లేదు. రెడ్డిట్ ఆగింది, ఆస్ట్రేలియాలో క్వాంటాస్ విమానాల చెక్-ఇన్ ఆగింది. మందు మాత్రం చిన్నది. గడియారంలో ఇప్పుడు ఎంత టైమ్ ఉందో అదే టైమ్‌ను మళ్ళీ సెట్ చేస్తే చాలు, టైమర్లు సర్దుకుంటాయి. ఫర్ లూప్‌లో పెట్టి నడిపితే సర్వర్లన్నీ క్షణాల్లో చల్లబడ్డాయి. లిస్ట్‌లో ఉన్నవి మాత్రమే. ఆ టెక్స్ట్ ఫైల్ ఎవరి హోమ్ ఫోల్డర్‌లోదో, పాతది. తర్వాత చేరిన సర్వర్లు అందులో లేవు. వాటిని ఒక్కొక్కటీ వెతికి పట్టుకునేసరికి మధ్యాహ్నం అయింది. మన దగ్గర ఎన్ని సర్వర్లు ఉన్నాయి అన్న ప్రశ్నకు మా దగ్గర ఒక్క జవాబు లేదని ఆ రోజు అందరికీ అర్థమైంది.

ఈ సమస్యకు జవాబు అంతకు చాలా ఏళ్ళ ముందే ఒకాయన వెతికాడు. మార్క్ బర్జెస్ అనే భౌతికశాస్త్రవేత్త 1993లో ఓస్లో విశ్వవిద్యాలయంలో ఉండగా, అక్కడి థియరెటికల్ ఫిజిక్స్ విభాగంలోని రకరకాల యూనిక్స్ మెషీన్లను చూసుకోవడానికి సీఎఫ్‌ఇంజిన్ రాశాడు. స్క్రిప్ట్‌లో మనం ఏం చేయాలో వరసగా చెబుతాం. సీఎఫ్‌ఇంజిన్‌లో మెషీన్ ఎలా ఉండాలో చెబుతాం. అలా ఉంటే అది ఏమీ చేయదు, లేకపోతే ఎంత తేడా ఉందో అంతే సరిచేస్తుంది. ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఒకటే. ఫైల్ చివర ఒక లైన్ కలపమని స్క్రిప్ట్ రాసి పదిసార్లు నడిపితే పది లైన్లు చేరతాయి. "ఈ లైన్ ఉండాలి" అని చెబితే ఎప్పటికీ ఒకటే ఉంటుంది. ఒళ్ళు తనకు తానే జబ్బును తగ్గించుకున్నట్టు కంప్యూటర్లు కూడా చేయాలని బర్జెస్ 1998లో ఒక పేపర్ రాశాడు. ఈ రంగంలో నాకు అందరికంటే గౌరవం ఆయన మీదే.

సీఎఫ్‌ఇంజిన్‌తో పనిచేసిన ల్యూక్ కేనీస్ 2005లో అదే పద్ధతిలో పనిచేసే పపెట్ తెచ్చాడు. మేము ముందు అందుకున్నది అదే. ప్రతి సర్వర్‌లో ఏజెంట్ అనే ఒక ప్రోగ్రామ్ ఉండి అరగంటకోసారి మాస్టర్ అనే ప్రధాన సర్వర్‌ను అడిగి, తేడాలు సరిచేసేది. సర్వర్ గడియారం తప్పుగా ఉంటే సర్టిఫికెట్ చెల్లదని మొండికేసేది, కాబట్టి అన్నిటికంటే ముందు టైమ్ సరిచేయడం మాకు అలవాటైంది. ఒకరోజు నైట్ షిఫ్ట్ కుర్రాడు కంగారుగా ఫోన్ చేశాడు. "అన్నా, నేను ఫైల్ మారుస్తున్నా, కాసేపటికి మళ్ళీ పాతదే వస్తోంది. హ్యాక్ అయిందేమో." అన్న స్పీకర్‌లో పెట్టి ఓపిగ్గా చెప్పాడు. "హ్యాక్ కాదు నాన్నా, పపెట్. సర్వర్‌లో కాదు, ఇక్కడ మార్చు. అప్పుడు ఎందుకు మార్చావో కూడా రాయి." ఆ నెల నుంచే ఆయన రిజిస్టర్‌లోని పేజీలు ఒక్కొక్కటీ పపెట్ ఫైళ్ళలోకి ఎక్కించడం మొదలుపెట్టాడు. నీలం ఇంకుతో ఉన్నది కోడ్ అయింది, ఎర్ర ఇంకుతో ఉన్నది కమిట్ మెసేజ్, అంటే మార్పుతో పాటు దాచే వివరణ, అయింది. ఏడాది పైన పట్టింది. ఎవరూ అడగని పని, ఏ అప్రైజల్‌లోనూ లెక్కలోకి రాని పని. మా టీమ్‌కి ఎవరైనా చేసిన అతిపెద్ద మేలు అదే.

2012లో మైఖేల్ డీహాన్ ఇదే పనికి అన్సిబుల్ విడుదల చేశాడు. మేము మరుసటి ఏడాది పట్టుకున్నాం. ఏజెంట్ లేదు, సర్టిఫికెట్ లేదు. ఎస్‌ఎస్‌హెచ్, అవతల పైథాన్ ఉంటే చాలు. సెంటాస్ అనే లినక్స్ 5వ వెర్షన్ ఉన్న మా పాత సర్వర్లలో పైథాన్ 2.4 ఉండేది కాబట్టి ముందు సింపుల్‌జేసన్ ప్యాకేజీ వేయాల్సి వచ్చేది. చేయాల్సినవన్నీ రాసే ఫైల్‌ను ప్లేబుక్ అంటారు, దాన్ని యామల్ అనే పద్ధతిలో రాయాలి. యామల్‌లో ట్యాబ్ కొడితే ఊరుకోదు, స్పేస్‌లే కొట్టాలి. ఆ తిప్పలు పక్కన పెడితే, ప్లేబుక్ నడుస్తుంటే సరిగ్గా ఉన్నవి ఆకుపచ్చగా, మార్చినవి పసుపుగా, ఆగిపోయినవి ఎర్రగా తెర మీద వరసగా పడుతుంటాయి. కౌసే అనే ప్రోగ్రామ్ మెషీన్‌లో ఉంటే ప్రతి టాస్క్ పేరునూ అక్షరాలతో గీసిన ఒక ఆవు పలుకుతుంది. నైట్ షిఫ్ట్ పిల్లలకు ఆ ఆవంటే ప్రాణం.

2014 ఏప్రిల్ 8 ఉదయం హార్ట్‌బ్లీడ్ సంగతి తెలిసింది. అది, వెబ్‌సైట్ల రాకపోకలను గుప్తంగా ఉంచే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో ఒక లోపం. ఎవరైనా ఒక్కో అభ్యర్థనకు 64 కేబీ దాకా సర్వర్ మెమరీని బయటికి లాగొచ్చు, అందులో పాస్‌వర్డ్‌లు ఉండొచ్చు, ప్రైవేట్ కీ కూడా ఉండొచ్చు. మా సెంటాస్ 5 సర్వర్లలో పాత 0.9.8 వెర్షన్ కాబట్టి వాటికేమీ కాలేదు. సెంటాస్ 6.5 ఉన్నవాటికే ప్రమాదం. అప్‌డేట్ చేసినా వెర్షన్ 1.0.1ఈ అనే చూపిస్తుంది, చివర రిలీజ్ నంబర్ మాత్రమే మారుతుంది. ఇది తెలియక చాలామంది అయోమయపడ్డారు. ప్యాకేజీ మారిస్తే సరిపోదు. పాత లైబ్రరీని మెమరీలో పట్టుకుని నడుస్తున్న సర్వీసులన్నిటినీ రీస్టార్ట్ చేయాలి, తర్వాత కీలు మార్చాలి, సర్టిఫికెట్లు కొత్తవి తీసుకోవాలి. అన్న బోర్డు మీద ఈ వరస రాశాడు. నేనూ ఇంకో అమ్మాయీ ప్లేబుక్ రాశాం. మొదట రెండు టెస్ట్ సర్వర్ల మీద, తర్వాత ఐదేసి చొప్పున అన్నిటి మీద నడిపాం. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళేటప్పటికి, ఏ సర్వర్‌లో ఏముందో ఎవరు అడిగినా చూపించగలిగే స్థితిలో ఉన్నాం. బ్లాస్టర్ రోజుల్లో కేబుల్స్ పీకుతూ తిరిగిన మనిషిని నేను. ఆ మధ్యాహ్నం నాకెంత ధైర్యంగా అనిపించిందో చెప్పలేను.

ఆ తర్వాత క్లౌడ్ వచ్చింది, క్లౌడ్‌లో ఏమేం కావాలో ఫైల్‌లో రాసి తెప్పించుకునే టెర్రాఫార్మ్ వచ్చింది, సర్వర్ రూమ్ ఖాళీ అయింది. నదుల పేర్లు పోయి యాప్-01, యాప్-02 అయ్యాయి. 2022 నవంబర్‌లో అమెజాన్ హైదరాబాద్ రీజియన్ తెరిచింది. మా సర్వర్లు కొన్ని మళ్ళీ మా ఊళ్ళోనే ఉన్నాయి, ఏ బిల్డింగ్‌లోనో మాత్రం తెలియదు. అన్న ఇప్పుడు బెంగళూరులో వేరే చోట పనిచేస్తున్నాడు. ఫోన్ చేసినప్పుడు పిల్లల చదువుల గురించి మాట్లాడుకుంటాం. సర్వర్ల గురించి ఆయన్ను అడగాల్సిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు. ఆయన చెప్పాల్సిందంతా మా రిపాజిటరీలో, అంటే కోడ్, దాని మార్పుల చరిత్ర దాచే చోట, ఉంది.

పోయిన ఏడాది కరీంనగర్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి టీమ్‌లో చేరింది. మొదటి నెలలోనే నా దగ్గరికి వచ్చి, "అన్నా, సర్వర్లన్నీ యూటీసీలో ఉన్నాయి, ఈ రెండే ఐఎస్‌టీలో ఎందుకున్నాయి?" అని అడిగింది. నాకు గుర్తులేదు. "గిట్ బ్లేమ్ కొట్టి చూడమ్మా" అన్నాను. ఏ లైన్ ఎవరు, ఎప్పుడు మార్చారో చూపించే కమాండ్ అది. రిజిస్టర్ నుంచి ఎక్కించిన రోజుల నాటి అన్న కమిట్ దొరికింది. క్లయింట్‌కి వెళ్ళే రోజువారీ రిపోర్ట్ మీద తేదీ సర్వర్ టైమ్ నుంచే పడుతుందట. యూటీసీ మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనక కాబట్టి, అది పెడితే తెల్లవారుజామున తీసే రిపోర్ట్‌కి ముందురోజు తేదీ వస్తుందట. వాళ్ళను అడగకుండా మార్చొద్దని కింద రాసి ఉంది. ఆ అమ్మాయి క్లయింట్ వాళ్ళకు ఫోన్ చేసింది. ఆ రిపోర్ట్ వాడటం మానేసి చాలా కాలమైందని వాళ్ళు చెప్పారు, మెయిల్‌లో కూడా రాసిచ్చారు. తను ఆ రెండు లైన్లు తీసేసి, ఎవరితో మాట్లాడిందో, ఎందుకు తీస్తోందో కమిట్ మెసేజ్‌లో వివరంగా రాసి, రివ్యూకి నాకు పంపింది. చదివి ఓకే చేశాను. సాయంత్రానికి ఆ రెండూ యూటీసీకి వచ్చాయి.